అవ్వ మలుపు దగ్గర పచ్చ జెండా

దర్సోనో బండి కల్వర్టు దాటింది. గేరు మారలేదు.

మలుపు దగ్గర పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డ తుకిరన్‌కి ఆ సంగతి చూడకుండానే తెలిసింది. ఇన్నాళ్ళూ కల్వర్టు రాగానే ఆ ఇంజను గొంతు మారేది. మూడో గేరులోంచి రెండో గేరులోకి దిగేటప్పుడు ముసలి మేక దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చేది. ఈ రోజు ఆ దగ్గు వినపడలేదు. బండి అదే ఊపున ఎక్కుడు ఎక్కింది. పచ్చ జెండా కనపడగానే, ఎడమ వారగా రావలసింది కాస్తా కుడి వారకి కోసుకుంటూ, వెదురు ఆకుల్ని రాసుకుని, మలుపు తిరిగి పైకి వెళ్ళిపోయింది. వెళుతూ దర్సోనో అద్దం వెనక నుంచి చెయ్యెత్తాడు, రోజూ కనపడే మనిషిని పలకరించినట్టు.

తుకిరన్ కూడా చెయ్యెత్తాడు.

'కోతకొచ్చింది' అనుకున్నాడు.

రెండు నిమిషాల తర్వాత పైనుంచి ఇసుక లారీ దిగింది. రెండు నిమిషాలే తేడా. తుకిరన్ జెండాలు చుట్టి చంకలో పెట్టుకుని, జుమీరా టీ కొట్టు ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. భార్య వసీరా పోయి ఆ ఉదయానికి తొమ్మిది వందల తొంభై రెండు రోజులు.

సుంబెర్‌లెగి ఊళ్ళో దాన్ని అవ్వ మలుపు అంటారు. ఒక పక్క లోయ, ఇంకో పక్క గట్టు, గట్టు మీద వెదురు పొద. పైన మెరాపి కొండ ఇసుక, కింద సంత, మధ్యలో సలక్ పళ్ళ తోటలు. పైవాళ్ళకి కిందవాళ్ళు కనపడరు, కిందవాళ్ళకి పైవాళ్ళు కనపడరు. వెదురు పొదలో ఒక అవ్వ ఉంటుందనీ, అటు వెళ్ళేవాళ్ళు ఆమెని అడిగి వెళ్ళాలనీ తాతల నాటి నుంచి మాట. బండివాళ్ళు రెండుసార్లు హారన్ కొడతారు. సైకిలువాళ్ళు రెండుసార్లు గంట కొడతారు. నడిచేవాళ్ళు గొంతు సవరించుకుంటారు. అవ్వని నమ్మనివాళ్ళు కూడా కొడతారు. ఎందుకంటే అది అలవాటు.

వసీరా ఎన్నడూ మర్చిపోలేదు. ఆ రోజు తెల్లవారగానే సైకిలు వెనక రెండు బుట్టల సలక్ పళ్ళు కట్టుకుని సంతకి బయల్దేరింది. మలుపుకి పైనే వాళ్ళ ఇల్లు. గుమ్మం దాటాక మలుపు చేరడానికి ఆమెకి నలభై లెక్కపెట్టేంత సేపు పట్టేది. ఆ లెక్క తుకిరన్‌కి ఎలా తెలుసంటే, పెళ్ళైన కొత్తలో ఊరికే సరదాకి లెక్కపెట్టేవాడు. నలభై అనగానే గంట మోగేది. తర్వాత తర్వాత లెక్కపెట్టడం మానేసినా గంట మాత్రం రోజూ వినేవాడు.

ఆ ఉదయం అతను వాకిట్లో కూర్చుని సలక్ మగ పూల పుప్పొడి పళ్ళెంలోకి దులుపుతున్నాడు. గంట రెండుసార్లు మోగింది. హారన్ మోగలేదు. ఆ తర్వాత ఒకే ఒక్క చప్పుడు.

నాలుగో రోజు ఊరి పెద్ద ఇంట్లో కూర్చున్నారు. ఇలాంటివి పోలీసుల దాకా పోనివ్వరు, ఇంటి మనుషుల్లా మాట్లాడుకుని స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. దర్సోనో సలక్ పళ్ళ వర్తకుడు. ఊళ్ళో సగం మంది తోటల పళ్ళు అతని బండి ఎక్కే సంతకి చేరతాయి. అతను తల వంచుకుని అన్నాడు.

"నేను హారన్ కొట్టానండీ. రెండుసార్లు కొట్టాను. వదినకి వినపళ్ళేదేమో."

అంతే. ఆ ఒక్క మాటతో అందరికీ దారి దొరికింది. గాలి అటు వీస్తోందేమో అన్నారు. వయసు మీద పడింది కదా అన్నారు. ఎవరో ఆమె ఎడమ చెవి కొంచెం మందం అని కూడా అన్నారు. తుకిరన్ నోరు తెరిచాడు. ఊరి పెద్ద అతని మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కాడు. కాగితంలో 'మరణించిన ఆమెకు వినికిడి తక్కువ, ఎవరి తప్పూ లేదు' అని రాశారు. తుకిరన్ సంతకం పెట్టాడు. ఆ చెయ్యి తన చెయ్యిలా లేదు.

తోటలో పండు రాలితే ఏ చెట్టు కిందో చెప్పగలిగే మనిషి వసీరా. ఆమెని చెవిటిదాన్ని చేసి పాతిపెట్టారు.

కాగితంలో ఇంకో ముక్క కూడా ఉంది. వెయ్యో రోజు దాకా జరిగే ప్రార్థనలన్నిటికీ దర్సోనో మేకని పంపాలి, తనూ వచ్చి కూర్చోవాలి. పంపాడు, వచ్చాడు. ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఏడాదికి, రెండో ఏడాదికి. వచ్చి చాప మీద స్తంభం పక్కన, ఎప్పుడూ అదే మూల, టోపీ సవరించుకుంటూ కూర్చునేవాడు. తుకిరన్ తన చేత్తో అన్నం బుట్ట అతని ముందు పెట్టేవాడు. మొదట్లో దర్సోనో మెతుకు మింగలేకపోయేవాడు. రెండో ఏడాది వచ్చేసరికి కూర కలుపుకుని తిన్నాడు. తిని, చెప్పులు వేసుకుంటూ ఎవరితోనో అంటున్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి తిరుగుతున్న దారయ్యా. కళ్ళు మూసుకుని తోలమన్నా తోలతాను."

గుమ్మంలో నిలబడి తుకిరన్ విన్నాడు. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆ మాటే చెవిలో తిరిగింది. కళ్ళు మూసుకుని తోలతాడట. సరే, మూసుకో. నేనే మూయిస్తాను.

మనిషిని కళ్ళు మూసుకునేలా చెయ్యడానికి భయపెట్టక్కర్లేదు. నమ్మకం కలిగిస్తే చాలు.

రెండు నెలలు ఆలోచించి జెండాలు కుట్టాడు. ఎర్రది ఎన్నికలప్పుడు మిగిలిపోయిన గుడ్డ. పచ్చది వసీరా పండగలకి కట్టుకునే పైగుడ్డ. కత్తెర పెట్టేటప్పుడు ఆమెతో చెప్పాడు, నీ పని మీదే కోస్తున్నాను అని.

మర్నాటి నుంచి ఉదయం ఐదున్నరకల్లా మలుపు దగ్గర నిలబడేవాడు. అతను నిలబడే రాయి దగ్గర నుంచి పైన కొబ్బరి చెట్ల దాకా, కింద కల్వర్టు దాకా రెండూ కనపడతాయి. పైన లారీ కనపడితే కుడి చేత్తో ఎర్ర జెండా ఎత్తి కింది బండిని ఆపేవాడు. ఖాళీ అయితే ఎడమ చేత్తో పచ్చది చూపేవాడు. వేరే ఊళ్ళలో ఈ పని చేసేవాళ్ళు కాళ్ళ దగ్గర చిల్లర డబ్బా పెట్టుకుంటారు. తుకిరన్ పెట్టుకోలేదు. దాంతో ఊరు ఊరంతా అతన్ని పొగడడం మొదలుపెట్టింది. పెళ్ళాం పోయిన చోటే నిలబడి పదిమందిని కాపాడుతున్నాడన్నారు. మసీదులో కూడా చెప్పారు. తుకిరన్ తల వంచుకుని విన్నాడు.

మలుపు దగ్గర టీ, వేయించిన సోయా గింజల టెంపే అమ్మే జుమీరా ఒక్కతే వేళాకోళం చేసేది.

"ఏం అన్నయ్యా, అవ్వ దగ్గర గుమాస్తాగా చేరావా?"

"చేరాను."

"సెలవులేమైనా ఇస్తుందా, లేకపోతే నాలాగే చచ్చేదాకా చాకిరీయేనా?"

అంటూనే రాతి మీద టీ గ్లాసు పెట్టి, ఈగలు వాలకుండా మూత పెట్టి వెళ్ళేది. అతను తాగినా తాగకపోయినా రోజూ పెట్టేది. అతను రమ్మంటే వచ్చేది కాదు ఆ టీ. రమ్మనకుండానే వచ్చేది. ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా మానలేదు. దాని గురించి అతనెప్పుడూ ఆలోచించలేదు. అతని ఆలోచనంతా గేరు మీదే.

మొదటి నెల దర్సోనో అతని వైపు చూడలేకపోయాడు. పచ్చ చూపించినా ఆగి, మెడ చాచి తనే చూసుకుని, హారన్ కొట్టి, పాకుతున్నట్టు వెళ్ళేవాడు. రెండో నెల ఆగడం మానేశాడు. మూడో నెల తల ఊపాడు. నాలుగో నెల ఏసీ ఉన్న సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాడు, అద్దాలు ఎక్కించుకుని పాటలు పెట్టుకున్నాడు. ఐదో నెల హారన్ మానేశాడు. జెండా ఉండగా అవ్వెందుకు? ఆరో నెలలో చెయ్యెత్తి పలకరించాడు. తుకిరన్ ఒక్కసారి కూడా తప్పు జెండా చూపలేదు. పచ్చ అంటే పచ్చ, ఎర్ర అంటే ఎర్ర. రోజుకో మెతుకు చొప్పున పిట్టకి వేసి చేతి మీదికి మచ్చిక చేసుకున్నట్టు మచ్చిక చేశాడు.

ఇప్పుడు గేరు కూడా మానేశాడు. లోపలి వారకి కోస్తున్నాడు. వసీరాని గుద్దిన రోజు ఎలా కోశాడో అలాగే.

మామూలు రోజుల్లో మొదటి లారీ వెళ్ళిపోయాకే దర్సోనో వస్తాడు. ఐదు రోజులకోసారి వచ్చే సంత రోజున మాత్రం ముందుగా బయల్దేరతాడు. అప్పుడే ఇద్దరూ దగ్గరికొస్తారు. వెయ్యో రోజులోపు ఇంకొక్క సంతే ఉంది. తొమ్మిది వందల తొంభై ఏడో రోజు. వెయ్యో రోజు దాటితే వసీరా ఇల్లు వదిలి పూర్తిగా వెళ్ళిపోతుంది. సమాధి మీద రాయి పెడతారు. చెవిటిదన్న పేరు మోసుకుని వెళ్ళాలి. వెళ్ళేలోపు ఆ చాప మీద స్తంభం పక్కన మూల ఖాళీ కావాలి.

మర్నాడు లారీ డ్రైవరు పైమోని ఆపాడు. కుర్రాడు కాడు, ముప్ఫై దాటినవాడు, పెద్ద నవ్వు.

"ఒరే పైమో, ఈ సంతకి ఓ రెండు నిమిషాలు ముందు దిగరా. కింద జనం తగులుతున్నారు."

"అలాగే బాబాయ్. నా కోసం ఇంత ఆలోచించేవాడు మా ఇంట్లో కూడా లేడు."

"లారీ ఎత్తేగా నీది?"

"ఎత్తంటే?"

"ఏదైనా తగిలినా నీకేం కాదుగా అని."

"ఇసుకతో దిగేటప్పుడు నాకేమవుతుంది బాబాయ్! తగిలినవాడికే అవుతుంది" అని నవ్వి వెళ్ళిపోయాడు.

పైమోకి ఏమీ కాదు. అంతవరకు ఆలోచించి తుకిరన్ అక్కడ ఆపేశాడు. ఆ తర్వాత పైమో ఎలా నిద్రపోతాడన్నది ఆలోచించలేదు. ఆలోచిస్తే పని చెడుతుందని తెలుసు.

తొమ్మిది వందల తొంభై ఏడో రోజు తెల్లగా తెల్లవారింది. మంచు లేదు. ఎర్ర జెండాని తుకిరన్ తలుపు వెనక వదిలేశాడు. చేతిలో ఉంటే ఏమవుతుందో అని భయం. పచ్చది ఒక్కటే పట్టుకుని, గుమ్మం నుంచి మలుపు దాకా లెక్కపెట్టుకుంటూ నడిచాడు. నడకకి నలభై సరిపోలేదు.

జుమీరా టీ తెచ్చి రాతి మీద పెట్టింది. మూత పెట్టబోయి ఆగింది.

"ఎర్రదేది అన్నయ్యా?"

"మర్చిపోయాను."

"ఏడు నెలల్లో మర్చిపోనివాడివి ఇవాళ మర్చిపోయావా?"

"వయసు మీద పడింది."

"నా ఎర్ర తువ్వాలు ఇవ్వనా? నూనె మరకలున్నాయిగానీ ఎర్రగానే ఉంటుంది."

"వద్దు."

ఆమె అతని మొహం వైపు చూసింది. ఏదో అడగబోయి, కొట్టులో నూనె కాగుతున్న చప్పుడు విని వెనక్కి వెళ్ళింది. వెళ్ళేముందు మూత మాత్రం పెట్టింది.

కింద కల్వర్టు అవతల తెల్ల బండి కనపడింది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. పైన కొబ్బరి చెట్ల దగ్గర పైమో లారీ కనపడింది. చెప్పినట్టే రెండు నిమిషాలు ముందు. తుకిరన్ ఏడు నెలలు ఎదురుచూసింది ఈ రెండింటినీ ఒకేసారి చూడడం కోసం.

బండి కల్వర్టు దాటింది. దగ్గు లేదు. మూడో గేరు.

తుకిరన్ ఎడమ చేతిలో పచ్చ జెండా కదిలింది. మోకాలి దాకా వచ్చింది. నడుం దాకా వచ్చింది. ఇంకొంచెం ఎత్తితే చాలు.

పైనుంచి పైమో హారన్ కొట్టాడు. అవ్వకి. రెండుసార్లు.

ఆ హారన్ రెండోసారి మోగడం పూర్తి కాకముందే తుకిరన్ కుడి చెయ్యి లేచింది.

ఎవరూ చెప్పలేదు దానికి. మనసు చెప్పలేదు. ఏడు నెలలుగా ఆ హారన్ వినగానే లేచిన చెయ్యి ఇవాళా లేచింది. జెండా లేదు, ఉత్త అరచెయ్యి. వేళ్ళు విప్పుకుని, భుజం పైకి, నిటారుగా. పచ్చ జెండా నడుం దగ్గరే ఆగిపోయింది.

దర్సోనో ఏడు నెలలుగా గుడ్డ రంగు చూడడం లేదు. చెయ్యే చూస్తున్నాడు. కుడి చెయ్యి లేవడం చూశాడు, బ్రేకు తొక్కాడు. బండి అడ్డంగా జారి, వెనక చక్రం గులకరాళ్ళని లోయలోకి చిమ్మి, తుకిరన్ నిలబడ్డ రాయికి మూరెడు ఇవతల ఆగింది. మరుక్షణం లారీ వెదురు పొదని ఒరుసుకుంటూ వచ్చింది. ఇసుక నీళ్ళు ఇద్దరి మీదా చిందాయి. బండి ఆగకపోతే ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడి నుంచి లారీ దిగిపోయింది.

"బతికించావ్ బాబాయ్!" అని పైమో కిటికీలోంచి అరిచాడు.

తుకిరన్ చెయ్యి ఇంకా పైనే ఉంది. దాన్ని చూశాడు. కిందికి దించి, ఎడమ చేత్తో దాని మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కన్నీళ్ళు వస్తున్నాయి. అవి ఏ రకం కన్నీళ్ళో అతనికే తెలియలేదు, కోపం మాత్రం తెలిసింది. వసీరా మలుపు, వసీరా పైగుడ్డ, వసీరాని చంపినవాడు, అన్నీ కుదిరాయి. తన చెయ్యే తనకి అడ్డం తిరిగింది.

దర్సోనో బండి దిగాడు. బానెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా... లారీ నాకు కనపళ్ళేదన్నా. వినపళ్ళేదు కూడా. పాటలు పెట్టుకున్నాను." అతని చూపు తుకిరన్ చేతుల మీదికి పోయింది. "జెండా ఏది? ఎర్రది?"

"ఇంట్లో ఉంది."

"మర్చిపోయారా?"

"లేదు. తలుపు వెనక పెట్టి వచ్చాను."

దర్సోనోకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా తుకిరన్ ఎడమ చెయ్యి ముందుకు చాపి పచ్చ జెండా చూపించాడు.

"ఇది చూపిద్దామని వచ్చాను. ఏడు నెలల నుంచి నిన్ను ఇందుకే అలవాటు చేశాను. పైమోని రెండు నిమిషాలు ముందు రమ్మన్నది నేనే. చెయ్యి లేచింది గానీ, నేను ఎత్తలేదు. తెలుసుకో. నేను ఎత్తలేదు."

లోయలో ఎక్కడో ఒక రాయి ఇంకా దొర్లుతూ దొర్లుతూ ఆగింది. దర్సోనో మొహంలో రక్తం లేదు. అరుస్తాడనుకున్నాడు తుకిరన్. మీద పడతాడనుకున్నాడు. పడితే బాగుండుననుకున్నాడు. దర్సోనో మెల్లగా బండి చక్రం పక్కన కూలబడ్డాడు.

"ఆ రోజు నేను హారన్ కొట్టలేదన్నా."

"తెలుసు."

"తెలుసా?"

"వాకిట్లో ఉన్నాను. విన్నాను. నువ్వు అబద్ధం చెప్పినప్పుడు కూడా విన్నాను."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నన్ను చెప్పనిచ్చారా? నీ బండి లేకపోతే ఊళ్ళో పళ్ళు కుళ్ళిపోతాయి. అది చెవిటిదైతే అందరికీ సుఖం." తుకిరన్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నీ మేకలు నాకొద్దు. నీ ప్రార్థనలొద్దు. వెయ్యో రోజు నువ్వు రా. వచ్చి ఆ మూల కూర్చో. కూర్చుని ఈ మాట అందరి ముందూ చెప్పు. చెప్పకపోతే నా చెయ్యి ఎల్లకాలం ఇలా లేవదు."

జుమీరా కొట్టు గుమ్మంలో ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. కాగుతున్న నూనెలో టెంపే మాడిపోయిన వాసన వస్తోంది.

వెయ్యో రోజు సాయంత్రం ప్రార్థన అయ్యాక, అన్నం బుట్టలు పంచకముందు, స్తంభం పక్కనుంచి దర్సోనో లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవని మనిషి లేచేసరికి అందరూ తిరిగి చూశారు. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"వసీరా వదిన పోయిన రోజు నేను హారన్ కొట్టలేదు. పెద్దాయన ఇంట్లో చెప్పింది అబద్ధం."

ఊరి పెద్ద చాప అంచు సర్దుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉంది." అతను తుకిరన్ వైపు చూశాడు. "ఇది అన్నకి కూడా తెలీదు. వదిన గంట కొట్టింది. ఆ రోజు అద్దం దించుకునే ఉన్నాను, నాకు వినపడింది. రెండుసార్లు. సైకిలే కదా, వారకి తప్పుకుంటుందిలే అనుకున్నాను. రోజూ వెళ్ళే దారే కదా అనుకున్నాను."

తుకిరన్ చేతిలో అన్నం బుట్ట ఉంది. వెదురు అంచు అరచేతిలోకి దిగింది. గంట విన్నాడు. విని కూడా కోశాడు. ఆ క్షణంలో కల్వర్టు దగ్గరి తెల్ల బండి మళ్ళీ వస్తే, తన కుడి చేతిని నరికి పచ్చ జెండా ఎత్తేవాడు. అంత స్పష్టంగా తెలిసింది అతనికి.

వెనక వరసలోంచి జుమీరా అంది, ఎవరితోనూ కాదు, గాలితో: "వసీరా చెవులా! నేను కొట్టులో మనసులో తిట్టుకున్నా వినేది."

ఒకరిద్దరు నవ్వారు. నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఎడమ చెవి మందం అన్న మనిషి తన చెవి గోక్కుంటూ నేల చూశాడు.

తుకిరన్ లోపలికి వెళ్ళి స్టాంపు కాగితం తెచ్చాడు. ఊరి పెద్ద ముందు పరిచాడు.

"ఈ ముక్క కొట్టెయ్యండి."

"ఇప్పుడెందుకయ్యా, అందరూ విన్నారుగా..."

"కొట్టెయ్యండి. రాసింది మీ చెయ్యే. కొట్టేది కూడా అదే కావాలి."

పెద్దాయన జేబులు తడుముకున్నాడు. కలం లేదు. ప్రార్థన చేయించిన ముసలాయన తన కలం ఇచ్చాడు. 'వినికిడి తక్కువ' అన్న మాట మీద గీత పడింది. పెద్దాయన ఆగబోతుంటే తుకిరన్ వేలు పక్కకి జరిగి 'ఎవరి తప్పూ లేదు' మీద ఆగింది. దాని మీద కూడా గీత పడింది.

అప్పుడు తుకిరన్ నిటారుగా కూర్చున్నాడు. తను కూడా చెప్పాల్సిందొకటుంది.

"నేనూ ఒకటి..." అన్నాడు.

స్తంభం పక్కన దర్సోనో తల అడ్డంగా ఊపాడు. చాలా కొంచెం, తుకిరన్‌కి మాత్రమే కనపడేంత. వద్దు అన్నట్టు. తుకిరన్ నోరు మూసుకున్నాడు. మూసుకున్నందుకు ఒళ్ళు మండింది. చంపాలనుకున్నవాడి దగ్గర ఇంత చిన్న దయ పుచ్చుకోవలసి వచ్చింది, అది గొంతు దిగడం లేదు. లేచి బుట్టలు పంచాడు. స్తంభం పక్కనున్నవాడి బుట్ట అందరికంటే చివర పెట్టాడు, కానీ పెట్టాడు.

మర్నాడు ఉదయం రెండు జెండాలూ తీసుకుని మలుపు దగ్గరికి వెళ్ళాడు. రాతి మీద టీ అప్పటికే ఉంది, మూత పెట్టి. అద్దంలా వెలుతురు. పైన కొబ్బరి చెట్ల దాకా దారి ఖాళీ.

తెల్ల బండి కల్వర్టు దగ్గర కనపడింది. పై తోటలకి వెళ్ళే దారి ఇంకోటి ఉంది, కాస్త చుట్టు. అటు పోతాడనుకున్నాడు. పోలేదు.

తుకిరన్ ఎర్ర జెండా ఎత్తాడు.

బండి ఆగింది. ఇంజను కూడా ఆగింది. అద్దం కిందికి దిగింది. లోపల పాట లేదు. దర్సోనో రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

తుకిరన్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

జుమీరా కొట్టులోంచి మెడ చాచింది. "దారంతా ఖాళీగా ఉందిగదా అన్నయ్యా, పాపం ఎందుకాపావు?"

"ఆగనీ."

"రోజూనా?"

"రోజూ."

"ఎన్నాళ్ళు?"

పదిహేడు. పద్దెనిమిది. దర్సోనో అటు చూడడం లేదు, ఇటు చూడడం లేదు. వెదురు పొద వైపు చూస్తున్నాడు. చెమట చెంప మీదుగా కారుతోంది, తుడుచుకోవడం లేదు. తుకిరన్ ఆ చెమట చుక్క గడ్డం దాకా చేరడం చూశాడు. చూడడానికి బాగుంది. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ఒక సైకిలమ్మాయి పైనుంచి గంట కొట్టుకుంటూ దిగి, ఆగి ఉన్న బండిని వింతగా చూసి, తన దారిన వెళ్ళిపోయింది.

నలభై.

ఎర్ర జెండా దించి పచ్చది ఎత్తాడు. దర్సోనో వెంటనే కదల్లేదు. మెడ చాచి తనే పైకి చూసుకున్నాడు. తర్వాత హారన్ కొట్టాడు, రెండుసార్లు. బండి ఎడమ వారగా, లోయ పక్కగా ఎక్కింది. ఎక్కేటప్పుడు ముసలి మేకలా దగ్గింది.

రెండో గేరు.

తుకిరన్ మూత తీసి టీ తాగాడు. ఇంకా వేడిగానే ఉంది.